పిల్లలు విహారయాత్రకు వెళ్ళొచ్చాక జ్వరం వస్తే

దసరా సెలవులు అయిన దగ్గర నుంచి సంక్రాంతి దాకా మన వైపు బడులలో విహారయాత్రల కాలం. టీచరుగారు నలభై యాభై మంది పిల్లలను వెంటబెట్టుకుని శనివారం తెల్లవారుజామున బస్సులోనో, విశాఖపట్నం నుంచి కిరండూల్ వెళ్ళే రైలులోనో బయలుదేరతారు. బొర్రా గుహలు, అరకులోయ, గిరిజన మ్యూజియం, కాఫీ తోటలు, చాపరాయి వాగు చూపించి ఆదివారం రాత్రికి పిల్లలను ఇళ్ళకు చేరుస్తారు. పిల్లలకు ఆ రెండు రోజులూ పండుగే. ఆరోగ్యం పేరు చెప్పి వాళ్ళను ఆపమని ఈ పేజీలు రాయడం లేదు. పుస్తకంలో బొమ్మగా చూసిన సున్నపురాయి గుహను కళ్ళారా చూసిన పిల్ల ఆ పాఠం మరిచిపోదు. తప్పకుండా పంపండి.

అయితే కుటుంబాలవాళ్ళు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటి ఉంది. యాత్ర రెండు రోజుల్లో అయిపోతుంది గాని దాని లెక్క నెల రోజుల దాకా తీరదు. బస్సులో వాంతులు, మర్నాడు విరేచనాలు అందరికీ కనపడతాయి. అసలు ప్రమాదకరమైనది మాత్రం పిల్లవాడు మళ్ళీ బడికి వెళ్ళి, హోంవర్కు రాసుకుని, యాత్ర సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయాక వస్తుంది.

మొన్నటి చలికాలంలో మా పిల్లల వార్డుకు ఎనిమిదో తరగతి అబ్బాయిని తీసుకొచ్చారు. నాలుగు రోజులుగా జ్వరం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన జ్వరం బిళ్ళలు ఇచ్చి, వైడల్ పరీక్ష ఒకటి చేయించి, టైఫాయిడ్ అని చెప్పి సెలైన్ ఎక్కించాడు. మా దగ్గరకు వచ్చేసరికి బాబు మగతగా ఉన్నాడు, పిలిస్తే గాని పలకడం లేదు. “ఈ నెలలో ఎక్కడికైనా వెళ్ళాడా అమ్మా?” అని అడిగితే, “లేదు సిస్టర్, ఇంట్లోనే ఉన్నాడు” అంది తల్లి. మంచం పక్కన కూర్చున్న అమ్మమ్మ, “అదేంటే, బడివాళ్ళు కొండకు తీసుకెళ్ళారు కదా, రాత్రి అక్కడే పడుకున్నారు కదా” అంది. లెక్క వేస్తే జ్వరం మొదలయ్యేనాటికి పన్నెండు రోజులు. వెంటనే రక్తపూత తీశాం. ఫాల్సిపారం మలేరియా. ఆ మందు పడ్డాక బాబు మూడో రోజుకు లేచి కూర్చున్నాడు, వారానికి ఇంటికి వెళ్ళాడు. ఆ అమ్మమ్మ మాట రాకపోయినా పరీక్ష చేసేవాళ్ళమే. కాని మొదటి రోజునే ఎవరో ఒకరు ఆ మాట చెప్పి ఉంటే బాబుకు మగత వచ్చేదాకా పోయేది కాదు.

జ్వరం అన్ని రోజులు ఆగి ఎందుకు వస్తుంది?

శనివారం రాత్రి దోమ కుట్టినప్పుడు మలేరియా క్రిమి రక్తంలోకి వెళ్తుంది. అక్కడి నుంచి తిన్నగా కాలేయంలోకి పోయి దాక్కుంటుంది. అక్కడ అది వేల సంఖ్యలో పెరుగుతున్నంతసేపూ పిల్లవాడికి ఏ బాధా ఉండదు. ఆడుకుంటాడు, అన్నం తింటాడు. తర్వాత కాలేయం నుంచి బయటపడి ఎర్ర రక్తకణాలలో దూరి వాటిని పగలగొడుతుంది. అప్పుడు చలి, వణుకు, జ్వరం. ఫాల్సిపారం రకంలో దీనికి సాధారణంగా ఒకటి రెండు వారాలు పడుతుంది, ఒక్కొక్కసారి ఇంకా ఎక్కువ. వైవాక్స్ అనే రెండో రకంలో రెండు వారాలకు రావచ్చు, కాలేయంలోనే నిద్రపోయి నెలల తర్వాత కూడా రావచ్చు. చలి పుట్టి, జ్వరం వచ్చి, చెమట పట్టి దిగడం అనే వరస పిల్లల్లో అన్నిసార్లూ ఉండదు. ఒట్టి జ్వరం, తలనొప్పి, వాంతులతో మొదలు కావచ్చు. అందుకే చూడగానే పోల్చుకోలేం.

మరో అపోహ ఉంది. మలేరియా అంటే మురుగుకాలువల జబ్బు అని చాలామంది అనుకుంటారు. “అక్కడంతా శుభ్రంగా ఉంది సిస్టర్, చల్లటి గాలి, తేటనీళ్ళు” అంటారు. కొండ ప్రాంతంలో మలేరియాను మోసే దోమకు ఆ తేటనీళ్ళే కావాలి. మెల్లగా పారే వాగుల అంచుల్లో అది గుడ్లు పెడుతుంది. రాత్రిపూట కుడుతుంది. పాడేరు, అరకు ఏజెన్సీ మన రాష్ట్రంలో మలేరియా ఎక్కువగా కనపడుతూ వచ్చిన ప్రాంతాలలో ఒకటి. వానాకాలంలోనూ ఆ వెంటనే వచ్చే నెలల్లోనూ బెడద ఎక్కువ. అక్కడి గిరిజన కుటుంబాలు ఏటా పడే బాధ ముందు మన పిల్లల రెండు రోజుల ప్రయాణం చిన్నది. కాని చిన్నప్పటి నుంచి మలేరియా తగలని మైదానపు పిల్లలకు ఆ జ్వరం త్వరగా ముదిరే వీలుంది. అన్నట్టు, మలేరియా దోమ వల్లనే వస్తుందని రుజువు దొరికింది మన తెలుగునేల మీదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడు.

పరీక్ష కష్టమైనది కాదు. వేలి చివర ఒక చుక్క రక్తం చాలు. కిట్టు మీద చేసే పరీక్ష ఫలితం పావుగంట, ఇరవై నిమిషాలలో తెలుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా చేస్తారు. చాలా ఊళ్ళలో ఆశా కార్యకర్త దగ్గర కూడా కిట్టు ఉంటుంది. మొదటిసారి ఏమీ కనపడకపోయినా జ్వరం తగ్గకపోతే మర్నాడు, ఆ మర్నాడు మళ్ళీ చేయించాలి. క్రిమి ఒక్కోసారి మొదటి చుక్కలో దొరకదు. మలేరియా అని తేలితే డాక్టరు రాసినన్ని రోజులూ మందు వేయాలి. వైవాక్స్ రకానికి కాలేయంలో దాగినదాన్ని చంపడానికి సాధారణంగా 14 రోజుల మందు ఇస్తారు. నాలుగో రోజుకే జ్వరం పోయిందని ఆపేసినవాళ్ళే మూడు నెలల తర్వాత అదే జ్వరంతో మళ్ళీ వస్తుంటారు.

మలేరియాలో కూడా ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. ఈ మధ్య ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అని తామే తీర్మానించుకుని బొప్పాయి ఆకు రసం పట్టిస్తూ ఇంట్లో కూర్చునేవారు ఎక్కువయ్యారు. అలా పోయిన రెండు రోజులు మళ్ళీ రావు.

యాత్ర తర్వాత వచ్చే ఇతర జ్వరాలు కూడా ఉన్నాయి. డెంగీ పగటి దోమ వల్ల, సుమారు నాలుగు నుంచి పది రోజులలో వస్తుంది. అందులో జ్వరం దిగిన రోజే జాగ్రత్తగా చూడాలి. జ్వరం తగ్గి కడుపునొప్పి, ఆగని వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడడం కనపడితే అది నయం కావడం కాదు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి వేయకండి, రక్తస్రావం కావచ్చు. పారాసెటమాల్ కూడా బరువును బట్టే, కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటల ఎడంతో వేయాలి. అంటే 20 కిలోల పిల్లకు ఒకసారికి 300 మిల్లీగ్రాములు.

స్క్రబ్ టైఫస్ అనే జ్వరం గురించి ఇంకా చాలామందికి తెలియదు. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని పురుగు కుట్టడం వల్ల ఒకటి నుంచి మూడు వారాల లోపు వస్తుంది. కుట్టినచోట కొందరికి నల్లటి పక్కు కడుతుంది, చుట్ట కాలిన మచ్చలా ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, కాబట్టి పిల్లలు చెప్పరు. పైగా అది చంకలోనో, గజ్జల్లోనో, నడుముకు బట్ట బిగిసేచోటనో ఉంటుంది. యాత్రకు వెళ్ళొచ్చిన పిల్లకు జ్వరం వస్తే స్నానం చేయించేటప్పుడు ఒళ్ళంతా వెలుతురులో చూడండి. పెద్ద పిల్లలు సిగ్గుపడితే తల్లి గాని అమ్మమ్మ గాని నెమ్మదిగా చెప్పి చూడాలి. మచ్చ కనపడితే డాక్టరుకు చూపించండి. కనపడకపోయినా ఆ జబ్బు లేదని అనుకోవద్దు. తొందరగా పట్టుకుంటే చవకైన మందుతోనే తగ్గుతుంది, ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మెదడుకు పాకుతుంది.

టైఫాయిడ్, పచ్చకామెర్లు నీటి వల్ల, తిండి వల్ల వస్తాయి. టైఫాయిడ్‌కు ఒకటి నుంచి మూడు వారాలు, ఎ రకం కామెర్లకు రెండు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు.

ఏ జ్వరమైనా సరే, పిల్ల మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, తాగినదంతా కక్కేస్తున్నా, మూత్రం నల్లగా వచ్చినా లేక అసలు రాకపోయినా, ఆయాసపడినా, కళ్ళు పాలిపోయినా పచ్చబడినా తెల్లవారేదాకా ఆగవద్దు.

వెళ్ళేముందు

టీచరుగారికి డబ్బుతో పాటు ఒక కాగితం కూడా ఇవ్వండి. పిల్ల పేరు, బరువు, మీ ఫోను నంబర్లు రెండు, పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు, రోజూ వాడే మందు, ఏ వేళకు ఎంత అన్నది పెద్ద అక్షరాలతో రాయండి. బరువు ఎందుకంటే పిల్లలకు మందు వయసును బట్టి కాదు, బరువును బట్టి వేస్తారు. సంతకం చేసే అంగీకార పత్రంలో ఇవేవీ ఉండవు.

పిల్లకు జబ్బు ఉందని చెబితే టీచరుగారు తీసుకువెళ్ళరేమోనని కొన్ని కుటుంబాలు దాచిపెడతాయి. మూర్ఛలకు మందు వాడే పిల్ల విషయంలో ఇది చాలా ప్రమాదం. తెల్లవారుజాము ప్రయాణానికి నిద్ర మానుకోవడం, ఆ సందడిలో ఒక పూట మాత్ర మరిచిపోవడం, ఈ రెండూ కలిస్తే ఫిట్స్ రావచ్చు. అది వాగులో ఉండగా వస్తే మోకాలి లోతు నీళ్ళే చాలు. అటువంటి పిల్లను నీళ్ళలోకి దించకూడదని టీచరుగారికి తెలియాలి. ఉబ్బసం పిల్ల ఇన్‌హేలరు పెద్ద సంచిలో అడుగున కాదు, జేబులో ఉండాలి. గుహలో తేమ ఎక్కువ, మెట్లు ఎక్కి దిగాలి, మధ్యలో బస్సు దగ్గరకు పరుగెత్తి తెచ్చుకునే వీలుండదు. సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్లకు చలి, నీళ్ళు తాగకపోవడం రెండూ నొప్పులు తెప్పిస్తాయి. డిసెంబరు, జనవరిలో అరకులో రాత్రి చలి పది డిగ్రీల కిందికి పోతుంది. స్వెట్టరు, సాక్సులు ఉంటేనే పంపండి. ఇన్సులిన్ తీసుకునే పిల్ల అయితే ముందు మీ డాక్టరును, తర్వాత టీచరుగారిని కలిసి మాట్లాడండి. ఆడపిల్లల సంచిలో అడగకుండానే నాప్‌కిన్లు పెట్టండి, కొండ మీద దుకాణం వెతుక్కోవడం వాళ్ళకు ఇబ్బంది.

మలేరియా రాకుండా ముందే మాత్రలు వేయాలా అని అడుగుతారు. ఆ సంగతి డాక్టరే చెప్పాలి, సొంతంగా కొని వేయకండి. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, చీకటి పడకముందే పూసుకునే దోమల క్రీము, బస చేసేచోట దోమతెరలు మాత్రం అందరికీ కావాలి. బస కుదుర్చుకునేటప్పుడే దోమతెరలు ఉన్నాయా అని అడగమని టీచరుగారికి చెప్పండి. తల్లిదండ్రులు ఇద్దరు ముగ్గురు కలిసి అడిగితే ఎవరూ తప్పు పట్టరు.

ప్రయాణంలో

ఘాటు రోడ్డు మలుపుల్లో సగం మంది పిల్లలకు వాంతులు అవుతాయి. ఖాళీ కడుపు మంచిది కాదు, నూనె ఓడే పూరీలూ మంచివి కావు. బయలుదేరడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు చాలు. వాంతి అయ్యే పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టి దూరంగా కొండల వైపు చూడమనాలి. ఫోను చూస్తే ఇంకా తిప్పుతుంది. రైలులో అయితే సొరంగం రాగానే కేకలు వేయడం పిల్లలకు సరదా, వేయనివ్వండి. కాని తలుపు దగ్గర కాదు, చేతులు కిటికీలోంచి బయట పెట్టి కాదు. కొండ దిగడం వెలుతురు ఉండగానే జరగాలి. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి దగ్గర డముకు మలుపులో సాయంత్రం చీకటి పడ్డాక పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు.

నీళ్ళ గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్ళ మీద నిలబడి ఫొటోలు తీసుకుంటున్న హైదరాబాదు ఇంజినీరింగు విద్యార్థులు 24 మంది, పైనున్న డ్యాము నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళలో కొట్టుకుపోయారు. 2024 జనవరి 18న గుజరాత్‌లో వడోదర హర్ణి చెరువులో బడి పిల్లల పడవ మునిగి 12 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయారు. పడవలో పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించారు, అందరికీ లైఫ్ జాకెట్లు లేవు. రెండు చోట్లా పిల్లలు చేసిన అల్లరి ఏమీ లేదు. ప్రయాణానికి ముందు మనం ప్రార్థన చేసుకుంటాం, మంచిదే. లైఫ్ జాకెట్ లేని పడవ ఎక్కకపోవడం కూడా మన బాధ్యతే. చాపరాయి దగ్గర నీళ్ళు లోతు లేనట్టు కనపడతాయి. నాచు పట్టిన బండ మీద కాలు జారితే తల బండకే తగులుతుంది. పైన కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే వాగు పెరుగుతుంది. పిల్లలు నీళ్ళలో ఉన్నంతసేపూ ఒక పెద్దమనిషి వంట, ఫొటో, ఫోను ఏదీ పెట్టుకోకుండా గట్టు మీద నిలబడి తలలు లెక్కపెట్టడమే పనిగా చూసుకోవాలి.

మునిగిన పిల్లను తలకిందులుగా పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం ఇంకా మన ఊళ్ళలో చేస్తున్నారు. దానివల్ల ప్రాణం ఉన్న సమయమే పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే ముక్కు మూసి నోటితో నోట్లోకి గాలి ఊది, ఛాతీ మధ్యలో నొక్కుతూ 108కి ఫోను చేయించాలి. లేచి కూర్చున్నా, దగ్గుతూ ఉంటే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. అరకులోయలోనూ పాడేరులోనూ ప్రభుత్వ ఆసుపత్రులు ఉన్నాయి.

తిండి సంగతి క్లుప్తంగా చెబుతాను. బొంగులో చికెన్ తినాలని పిల్లలు ఆశపడతారు. బొంగులోంచి పొగలు కక్కుతూ తీసినది, ముక్క లోపల ఎరుపు లేకుండా ఉడికినది పెట్టవచ్చు. దానికంటే నేను ఎక్కువ అనుమానించేది పచ్చినీళ్ళు కలిపి పల్చగా చేసిన హోటలు చట్నీని, కోసిపెట్టిన జామకాయ ముక్కలను. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్. పొట్లం మీద లీటరు అని ఉంటే మొత్తం పొట్లాన్ని ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి, గ్లాసులో సగం పొట్లం వేయకూడదు. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్ముతూ వచ్చిన తీపి డబ్బాల పానీయాలు ఓఆర్ఎస్ కావు. వాటిలోని ఎక్కువ పంచదార విరేచనాలను పెంచుతుంది. సరైన పాళ్ళలో లేని పానీయాల మీద ఆ మాట రాయకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది.

బొర్రా గుహల దగ్గర కోతులు ఉంటాయి. చేతిలో బిస్కెట్ పొట్లం చూస్తే మీదికి వస్తాయి. కోతి గాని కుక్క గాని కరిచినా, గోటితో రక్తం వచ్చేలా గీరినా, అక్కడికక్కడే సబ్బుతో 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోసి కడగాలి. పసుపు, సున్నం, కాఫీపొడి పెట్టవద్దు. “చిన్న గీత కదా, ఆదివారం ఇంటికి వెళ్ళాక చూద్దాం” అనడం తప్పు. మొదటి టీకా ఆ రోజే దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో వేయించి, చీటీ దాచుకుని, మిగతావి మన ఊరిలో వేయించవచ్చు. గాయం లోతైనదైతే టీకాతో పాటు గాయం చుట్టూ వేసే మరో మందు కూడా అవసరం, అది ఉందా అని అడగండి. తిడతారనే భయంతో పిల్లలు ఈ గీతల సంగతి దాస్తారు. ఇంటికి రాగానే తిట్టకుండా అడిగి తెలుసుకోండి.

యాత్ర నుంచి వచ్చిన రోజున క్యాలెండరులో ఆ తేదీకి గుండ్రంగా గీత గీయండి. నెల లోపల జ్వరం వస్తే ఓ.పి. చీటీ రాసే కౌంటరు దగ్గరే ఏ ఊరు వెళ్ళాడో, ఏ తేదీన వెళ్ళాడో, రాత్రి ఎక్కడ పడుకున్నాడో చెప్పండి. లోపల డాక్టరుగారికి మళ్ళీ చెప్పండి. టీచరుగారికి కూడా ఫోను చేయండి. అదే గదిలో పడుకున్న ఇంకో ఇద్దరు పిల్లలు వేరే ఊళ్ళో, వేరే డాక్టరు దగ్గర, ఇదే జ్వరంతో ఉండవచ్చు.